ఒక్క చెయ్యే మిగిలినప్పుడు: భోజనానికి ముందు చేతుల శుభ్రతపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ శివారులోని ఒక వృద్ధాశ్రమంలో నర్సింగ్ బాధ్యతలు చూస్తున్నప్పుడు నాకు ఎదురైన కేసు ఇది. వ్యక్తిని గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను వదిలేశాను, కొన్నింటిని మార్చాను. ఇక్కడ ఆయనను ‘పెద్దాయన’ అనే పిలుస్తాను. వయసు డెబ్భై దాటింది. ఆశ్రమానికి రావడానికి ఏడాదిన్నర ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇతరులు చెప్పేది పూర్తిగా అర్థమవుతుంది కానీ మాట తడబడుతుంది, ఒక వాక్యం పూర్తి చేయడానికి చాలా సమయం పడుతుంది. చాలాకాలంగా మధుమేహం ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. వీల్‌చెయిర్‌ను ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ కాలితో నేలను నెడుతూ తానే నడుపుకుంటారు. మరుగుదొడ్డికి కూడా, కుర్చీలోంచి దిగేటప్పుడు ఎక్కేటప్పుడు తప్ప, ఎవరి సాయమూ తీసుకోరు.

మా ఆశ్రమంలో చేతుల శుభ్రత గురించి పట్టింపు లేదని ఎవరూ అనలేరు. 2020 నుంచి ప్రతి గది గుమ్మం దగ్గరా శానిటైజర్ సీసా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పిన ‘ఐదు సందర్భాల’ పట్టికను గోడకు అంటించాం. రోగిని తాకే ముందు, సూక్ష్మజీవులు సోకకూడని పనికి ముందు, శరీర ద్రవాలు అంటుకునే అవకాశమున్న పని తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి పరిసరాలను తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలన్నది అందులోని సారాంశం. కొత్తగా చేరిన ఆయమ్మలకు నేనే దానిని నేర్పేదాన్ని. ఆ ఐదు సందర్భాలూ సేవ చేసేవారి చేతుల గురించేనని, సేవ పొందేవారి చేతుల గురించి అందులో ఒక్క మాటా లేదని ఈ కేసు వచ్చేదాకా నాకు తట్టలేదు. అన్నాన్ని వేళ్ళతో కలుపుకుని తినే మన భోజనంలో నోటిదాకా వెళ్ళేది తినేవారి చెయ్యే కదా.

సమస్య

నాలుగు నెలల్లో పెద్దాయనకు మూడుసార్లు నీళ్ళ విరేచనాలయ్యాయి. రెండోసారి ఒంట్లో నీరు తగ్గిపోయి మగతలోకి వెళ్ళడంతో ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. వృద్ధులకు దాహం సరిగా తెలియదు కనుక, ఒక కుర్రవాడు ఓఆర్ఎస్‌తో తట్టుకునే విరేచనాలు వాళ్ళను మంచాన పడేస్తాయి. ఆ నాలుగు నెలల్లో ఆయన నాలుగు కిలోల బరువు తగ్గారు. విరేచనాలు లేని రోజుల్లో కూడా కంచంలో సగం అన్నం వదిలేసేవారు. ‘ఆకలి మందగించింది’ అని రికార్డులో రాసింది నేనే.

మొదట నీళ్ళను అనుమానించాం. సంపును, పైన ట్యాంకును కడిగించి, కుళాయి నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను పరీక్షించాం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది మన దేశపు తాగునీటి ప్రమాణం, అది ఉంది. పైగా అవే నీళ్ళు తాగి అదే వంట తింటున్న మిగతా వాళ్ళెవరికీ ఆ రోజుల్లో విరేచనాలు లేవు. అందువల్ల వంటగదినీ నీటినీ పక్కన పెట్టాం. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కొందరిలో విరేచనాలు తెప్పిస్తుంది గానీ, ఆయన దానిని ఏళ్ళ తరబడి అదే మోతాదులో వేసుకుంటున్నారు. మలబద్ధకానికి ఇస్తున్న మందును డాక్టరుగారు ఆపించారు. ఆపిన తర్వాతే మూడోసారి విరేచనాలు మొదలయ్యాయి. మల పరీక్షలో ప్రత్యేకంగా ఏమీ తేలలేదు.

అందరికీ ఉమ్మడిగా ఉన్నవన్నీ ఇలా పక్కకు పోయాక, ఆయనకు ఒక్కరికే ఉన్నదేమిటన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు కాగితాల్లో దొరకదనిపించి, ఆయన అనుమతితో ఒక రోజు ఉదయం నుంచి మధ్యాహ్న భోజనం దాకా ఆయన వెంటే ఉన్నాను.

ఆ రోజు చూసినది

మరుగుదొడ్డిలో సబ్బు పెట్టె కుడివైపు గోడకు, నిలబడిన మనిషి భుజం ఎత్తున ఉంది. కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి మాత్రమే ఆడే మనిషికి అది అందదు. ఆయన కుళాయి తిప్పి చేతిని నీటి ధార కింద పెట్టి తీసేశారు. నేను సబ్బు అందించాను. ఆయన దాన్ని అరచేతిలో తిప్పుతూ నా వైపు చూశారు. అప్పటిదాకా నా బుర్రకు ఎక్కని విషయం ఆ క్షణంలో ఎక్కింది. చెయ్యి తనను తాను కడుక్కోలేదు. ఒక చేతి వెనుక భాగాన్ని, వేళ్ళ సందులను, గోళ్ళ కొసలను రుద్దాలంటే రెండో చెయ్యి కావాలి. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుందని చూపే బొమ్మల పట్టికలో దాదాపు ప్రతి బొమ్మలోనూ రెండు చేతులుంటాయి.

ఆ తర్వాత అదే తడి చేత్తో చక్రం తిప్పుకుంటూ భోజనాల హాలుకు వచ్చారు. ఆ చక్రం స్నానాలగది తడి నేల మీద, వరండాలో, పెరట్లో తిరిగినదే. ఒకవేళ గదిలో ఎంత శుభ్రంగా కడిగినా, బల్ల దగ్గరికి చేరేసరికి ఆ చెయ్యి మళ్ళీ నేలను తాకినట్టే లెక్క.

బల్ల దగ్గర ఇంకో సంగతి కనిపించింది. కంచం జారకుండా, ముడుచుకుపోయిన కుడి పిడికిలిని కంచం అంచు మీద బరువుగా ఆన్చేవారు. ఆ పిడికిలిని నెమ్మదిగా తెరిచి చూస్తే, లోపల చెమటకు నాని తెల్లబడ్డ చర్మం, పెరిగిన గోళ్ళు, ముతక వాసన. స్నానం చేయించే అబ్బాయి పిడికిలి పైన సబ్బు రుద్దేవాడే గానీ, తెరిస్తే నొప్పి పుడుతుందేమోనన్న భయంతో లోపల ముట్టుకునేవాడు కాదు.

ఆయన ఎడమ చేత్తో పప్పన్నం కలుపుకున్నారు. నాలుగు ముద్దలు తిని ఆపేశారు.

విఫలమైన ప్రయత్నాలు

మొదటి ఆలోచన శానిటైజర్. బల్ల మీదే సీసా పెడితే చక్రం సమస్య తీరుతుందనుకున్నాం. సీసాను నొక్కేది, ద్రవాన్ని పట్టుకునేది ఒకే చెయ్యి కావడం మొదటి అడ్డంకి. ఆయమ్మ చేతిలో పోస్తే అరచేతిలో నిలిచేది కానీ చేతి వెనక్కు, గోళ్ళ కిందకు చేరేది కాదు. పైగా ఆల్కహాల్ ద్రవం కంటికి కనిపించే మురికి, జిడ్డు ఉన్న చేతుల మీద సరిగా పనిచేయదు. విరేచనాలకు కారణమయ్యే సూక్ష్మజీవుల్లో నోరోవైరస్ దానికి అంత తేలికగా లొంగదు, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (గట్టి పొరతో ఉండే దాని నిద్రాణ రూపాలు) అసలే లొంగవు. విరేచనాలే సమస్యగా ఉన్న మనిషికి మేం ఎంచుకున్న సాధనం అందుకు బలహీనమైనది. ఇవన్నీ నాకు తెలిసీ, సులువు కదా అని దానితోనే మొదలుపెట్టాను. రెండో రోజే పెద్దాయన చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు. ఆ వాసన అన్నంలో కలుస్తోందని సైగ చేశారు. చెంచాతో తినేవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. వేళ్ళతో అన్నం కలుపుకునేవారికి ప్రతి ముద్దలోనూ తగులుతుంది.

తడి టిష్యూలతో తుడిపించడం నాలుగు రోజులు సాగింది. ఆయమ్మ హాల్లో అందరి ముందూ, ‘తాతగారూ, చెయ్యి చూపించండి’ అని గట్టిగా అడిగి తుడిచేది. ఆమె మనసులో గౌరవమే ఉంది. నాలుగో రోజు ఆయన భోజనానికే రాలేదు. ‘మొండితనం చేస్తున్నారు’ అని ఆ రోజు రిజిస్టరులో ఒకరు రాశారు.

మూడోది చెంచా. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా తర్కం పైకి సరిగానే కనిపిస్తుంది. చెయ్యి శుభ్రం చేయలేకపోతే ఆ చెయ్యి ఆహారాన్ని తాకకుండా చేస్తే సరిపోతుందనుకున్నాను. పిడి లావుగా ఉన్న చెంచా, అంచు ఎత్తుగా ఉన్న కంచం తెప్పించాను. జీవితమంతా కుడిచేతి వాటం ఉన్న మనిషి ఎడమ చేత్తో చెంచా పట్టి సాంబారన్నం నోటిదాకా తీసుకెళ్ళడం ఎంత కష్టమో ఊహించలేకపోయాను. సగం చొక్కా మీద పడేది. పడిన మెతుకులను ఆయన అదే చేత్తో ఏరి నోట్లో వేసుకునేవారు. అంటే చెయ్యి ఆహారాన్ని తాకడం ఆగలేదు, తినడం మాత్రం ఇంకా తగ్గింది.

నాలుగోసారి హాలు పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గర ఆయమ్మ సాయంతో కడిగించాం. బేసిన్ కింద పైపులుండటంతో వీల్‌చెయిర్ లోపలికి వెళ్ళదు. ఆయన ముందుకు వంగితే కుడివైపు ఒరిగిపోతారు. పడిపోయే ప్రమాదం ఉందని తేలగానే నేనే ఆపేయించాను.

ఆయన చెప్పిన మాట

ఈ నాలుగూ విఫలమయ్యాక, మొదట్లోనే చేయాల్సిన పని అప్పుడు చేశాను. మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక ఆయన పక్కన కూర్చుని, ఏం ఇబ్బందిగా ఉందని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాను. చాలాసేపు పట్టింది. ఎడమ చేతిని బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ అన్నారు:

“ఈ చేత్తో... అన్నం... తినాల్సొస్తుందని... అనుకోలేదమ్మా.”

కుడి చెయ్యి అన్నానికి, ఎడమ చెయ్యి కడుక్కోవడానికి అని ఊహ తెలిసినప్పటి నుంచి నేర్చుకున్న మనిషి ఆయన. పక్షవాతం ఆ రెండు పనులనూ ఒకే చేతి మీద పడేసింది. ప్రతి ముద్దా ఆ చేత్తోనే నోటికి వెళుతుంటే ఆయనకు తిండి సహించడం లేదు. నేను ‘ఆకలి మందగించింది’ అని రాసినది ఇదే. అందరి ముందు ‘చెయ్యి చూపించండి’ అన్నప్పుడు, తన మనసులో ఉన్న ఏవగింపునే హాలంతా వినేలా ఎత్తి చూపించినట్టు ఆయనకు తోచింది. తన చెయ్యి శుభ్రంగా ఉండాలని ఆశ్రమంలో అందరికంటే ఎక్కువగా కోరుకుంటున్నది ఆయనే. మేం మొండితనం అనుకున్నది నిజానికి సిగ్గు.

అప్పటి నుంచి మా లక్ష్యాన్ని మార్చుకున్నాం. చెయ్యి శుభ్రపడాలి, అది శుభ్రపడిందని ఆయన మనసుకు నమ్మకం కలగాలి, ఈ రెండూ ఆయన ఒక్కరినీ వేరు చేసి చూపకుండా జరగాలి.

పనిచేసినది

దారి చూపింది మా వంటమనిషి. ఆమెది పాతబస్తీ. సమస్య చెప్పగానే, “మా ఇళ్ళలో దావత్ అయితే మెహమాన్లను లేపం మేడమ్, చిలంచీ, ఆఫ్తాబా వాళ్ళ దగ్గరికే తెస్తాం” అంది. ఆఫ్తాబా అంటే కొమ్ము చెంబు, చిలంచీ అంటే కడిగిన నీళ్ళు పట్టే పళ్ళెం. దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) ముందు కూర్చున్నవారి దగ్గరికి వాటిని తీసుకొచ్చి ఒకరు నీళ్ళు పోస్తుంటే అతిథి చేతులు కడుక్కుంటాడు. మన తెలుగిళ్ళలో కూడా ఇంటికొచ్చిన పెద్దలకు చెంబుతో కాళ్ళకూ చేతులకూ నీళ్ళివ్వడం ఉన్నదే. ఇతరుల చేత చేతులు కడిగించుకోవడం రోగి అయితే నిస్సహాయత, అతిథి అయితే మర్యాద. చేసే పని మాత్రం ఒకటే.

శుభ్రత లెక్కన కూడా ఇది నాకు నచ్చింది. చెంబుతో పోసే నీరు కుళాయి నీటిలాగే పారే నీరు, ఒకరి తర్వాత ఒకరు ఒకే గిన్నెలో చేతులు ముంచే పద్ధతిలోని ప్రమాదం ఇందులో లేదు. కడగడం బల్ల దగ్గరే జరుగుతుంది కాబట్టి కడిగిన చెయ్యి మళ్ళీ చక్రాన్ని తాకదు.

మూత మీద చిల్లులున్న వెడల్పాటి టబ్బు, కొమ్ము ఉన్న జగ్గు, పల్చటి ద్రవ సబ్బు, మనిషికొక చిన్న నూలు గుడ్డ సిద్ధం చేశాం. మొదట గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా పోసి, సబ్బు వేసి, జగ్గు పక్కన పెట్టి, ఆయమ్మ తన రెండు చేతులతో ఆయన చేతిని వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొసలు తగిలేలా రుద్దుతుంది. ఆ తర్వాత నురగ పోయేదాకా నీళ్ళు పోస్తుంది. మనిషి మనిషికీ మధ్య ఆమె తన చేతులు కూడా అదే ధారలో కడుక్కుంటుంది. మొదట్లో ఒకరు గ్లౌజులు వేసుకుని వరుసగా ఆరుగురికి కడిగారు. అవే గ్లౌజులతో అందరినీ తాకడం వల్ల ప్రయోజనం పోతుందని వాటిని మాన్పించాను. గుడ్డ విషయంలో పట్టు వదల్లేదు, తడి చేతి నుంచి సూక్ష్మజీవులు పొడి చేతి నుంచి కంటే ఎక్కువగా అంటుకుంటాయి. హాల్లో అందరికీ కలిపి వేలాడదీసిన తువ్వాలు ఉంటే కడిగిన ఫలితం అక్కడే పోతుంది.

బల్ల దగ్గర కూర్చున్నవారందరికీ, తమంతట తాము కడుక్కోగలవారికి కూడా, వరుసలో మొదటివారి నుంచి నీళ్ళు పోశాం. పెద్దాయన వంతు మూడోదో నాలుగోదో అయ్యేది. మొదటిరోజు ఆయన ముందు కొంచెం జంకారు, తర్వాత చెయ్యి చాపారు. నీళ్ళు పోస్తున్నంతసేపూ టబ్బులోకి జారుతున్న నురగను చూస్తూనే ఉన్నారు.

మరుగుదొడ్డిలో మార్పు ఇంతకంటే చిన్నది, బహుశా అంతకంటే ముఖ్యమైనది. సబ్బు పెట్టెను తీసేసి, సబ్బు బిళ్ళను నైలాన్ వల సంచిలో వేసి ఎడమవైపు కుళాయి పక్కన కూర్చున్న ఎత్తులో వేలాడదీశాం. సంచి గరుకుదనం మీద ఆయన అరచేతిని, చేతి వెనుక భాగాన్ని రుద్దుకోగలిగారు. గోళ్ళ కోసం, బేసిన్ అంచుకు రబ్బరు బిళ్ళలతో అంటుకుని కదలకుండా నిలిచే బ్రష్ బిగించాం. చెయ్యి నిలిపి బ్రష్ తిప్పే అలవాటుకు బదులు ఇక్కడ బ్రష్ నిలిచి ఉంటుంది, చెయ్యి తిరుగుతుంది. ఈ రెండింటితో ఆయన ఎవరి సాయమూ లేకుండా తన చేతిని తానే కడుక్కున్నారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన చేయలేకపోయిన పని అది.

కుడి పిడికిలి విషయంలో ఫిజియోథెరపిస్టు సలహా తీసుకున్నాం. మణికట్టును ముందు లోపలికి వంచితే వేళ్ళు వాటంతట అవే కొంత వదులవుతాయి. బలవంతంగా వేళ్ళను లాగకూడదు. రోజూ స్నానం తర్వాత గోరువెచ్చని నీళ్ళలో అరచేతిని కడిగి, సందులు బాగా ఆరబెట్టి, శుభ్రమైన మెత్తని గుడ్డ చుట్ట ఒకటి పట్టించాం. గోళ్ళను వారానికోసారి తీయించాం. కంచం కింద జారని రబ్బరు మ్యాట్ వేశాక పిడికిలిని ఆన్చాల్సిన అవసరమే పోయింది.

ఎదురైన చిక్కులు

మొదటి వారం ముప్పైమందికి నీళ్ళు పోసేసరికి కూర చల్లారిపోయేది. కంచాలు పెట్టేటప్పుడే ఒకవైపు నుంచి ఇద్దరు ఆయమ్మలు మొదలుపెట్టేలా మార్చాం. కొన్నాళ్ళ తర్వాత, నడవగలిగినవారు చాలామంది తామే బేసిన్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. బల్ల దగ్గర కడగాల్సినవారు పదిమందికి తగ్గారు. వేసవిలో ట్యాంకర్ మీద ఆధారపడే రోజుల్లో నీళ్ళ ఖర్చు గురించి అభ్యంతరం వచ్చింది. కొలిచి చూస్తే ఒక్కొక్కరికి అర లీటరు లోపే అయింది, కుళాయి తిప్పి వదిలేసినదానికంటే తక్కువ.

నేను అసలు ఊహించని చిక్కు ఒకటుంది. మతిమరుపు వ్యాధి ముదిరిన ఒక పెద్దావిడ, అరచేతిలో నీళ్ళు పోయగానే తీర్థం అనుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పోసుకుని, మిగిలిన తడిని తలకు రాసుకున్నారు. అదృష్టవశాత్తు అప్పటికింకా సబ్బు వేయలేదు. ఆమెను ఎవరూ వారించలేదు, వారించకూడదు కూడా. ఆమె విషయంలో అరచేతిని కిందికి తిప్పి చేతి వెనుక భాగం మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టాం. అలా పోస్తే ఆమెకు అది చేతులు కడుక్కోవడంగానే అర్థమైంది.

ఫలితం, దానిపై నా అంచనా

తర్వాతి ఆరు నెలల్లో పెద్దాయనకు ఒక్కసారే విరేచనాలయ్యాయి, అవీ రెండు రోజుల్లో ఓఆర్ఎస్‌తోనే తగ్గాయి. బరువులో మూడు కిలోలు తిరిగి వచ్చింది. ఇదంతా చేతులు కడగడం వల్లనేనని నేను రుజువు చేయలేను. ఇది ఒక్క మనిషి కేసు. మరుగుదొడ్డిలో సబ్బు, బల్ల దగ్గర నీళ్ళు, పిడికిలి శుభ్రత, మలబద్ధకం మందు ఆపడం అన్నీ కొద్ది వారాల తేడాతో జరిగాయి. ఒకదాని ప్రభావాన్ని ఇంకోదాని నుంచి వేరు చేసే వీల్లేదు. బరువు పెరగడానికి విరేచనాలు తగ్గడం కంటే, కడిగిన చేతిని కంచంలో పెట్టడానికి ఆయనకు మనసొప్పడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. కంచం ఖాళీ కావడం విరేచనాల సంగతి తేలకముందే, నీళ్ళు పోయడం మొదలైన మొదటి వారంలోనే కనిపించింది.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా నేను అడిగే ప్రశ్నలు కొన్ని మారాయి. ఏ చేత్తో తింటారు, ఏ చేత్తో కడుక్కుంటారు, ఆ రెండూ ఒకే చెయ్యి అయితే ఆ చేతిని కడిగేదెవరు, మరుగుదొడ్డిలో సబ్బు ఆ చేతికి అందుతుందా, కడిగిన తర్వాత కంచం దాకా ఆ చెయ్యి ఏమేం తాకుతుంది అని చేరినరోజే చూసి రాస్తున్నాను. ‘వద్దంటున్నారు’ అని రిజిస్టరులో రాసేవారిని, ఎందుకు వద్దంటున్నారో కూడా పక్కనే రాయమంటున్నాను. మాట తడబడేవారి దగ్గర ఆ ‘ఎందుకు’ తెలియాలంటే కనీసం పావుగంట కూర్చోవాలి. డ్యూటీ పట్టికలో ఆ పావుగంటకు చోటు కల్పించడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

సాయంత్రం బిస్కెట్లు, టీ ఇచ్చేవేళ, బంధువులు తెచ్చిన జామపండో లడ్డూయో గదిలోనే తినేవేళ ఈ ఏర్పాటు ఇంకా పూర్తిగా చేరలేదు. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటారు. పెద్దాయన గదిలో ఒక చిన్న టబ్బు, నీళ్ళ సీసా, ఆయన గుడ్డ ఉంచాం. ఆదివారాలు కూతురు వచ్చినప్పుడు పండు కోసే ముందు ఆమే నీళ్ళు పోస్తుంది. మిగతా ఆరు రోజుల సాయంత్రాల సంగతి ఏం చేయాలన్నది మేం ఇప్పుడు చూస్తున్నాం.